ఇడ్లీ రేకులో రాతి ఈగ

పోయిన వారం కార్ల్స్‌రూహె నుంచి కొండల వైపు వెళ్ళే ట్రాములో కూర్చుంటే, నా పక్క కిటికీ అద్దం మీద ఒక పురుగు వాలింది. రెక్కలు రెండూ కలిపి, నమస్కారం పెట్టిన చేతుల్లా నిలువుగా ఎత్తి పెట్టుకుంది. వెనక సన్నని తోకలు. ఎదుటి సీటులో ఉన్నావిడ చేతిలోని పత్రిక మడిచి దాన్ని కొట్టబోయింది. నేను చేయి అడ్డం పెట్టాను.

"కుట్టదండీ. రెక్కలొచ్చాక దానికి ఒక్కరోజే బతుకు. పనికొచ్చే నోరే లేదు" అన్నాను జర్మన్‌లో.

ఆవిడ నన్నూ, పురుగునీ మార్చి మార్చి చూసి, మళ్ళీ పత్రిక విప్పుకుంది.

ఆ మాట నాది కాదు. కిందటి ఏడాది ఆకులు రాలే కాలంలో పోయిన నా స్నేహితుడిది. నాకు పురుగుల గురించి తెలిసిందంతా ఆయన దగ్గర విన్నదే. ఆ రోజు డైరీలో "ట్రాములో ఒక్కరోజు ఈగ" అని రాసి ఊరుకుందామనుకున్నాను. కలం ఆగలేదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా పని లోహపు ముక్కల్ని వంచి, విరిచి, ఎక్కడ విరిగాయో రాసుకోవడం. రిటైరయ్యాక రాసుకోవడం మిగిలింది, విరవడానికేమీ లేకపోయింది. పొద్దున నడక, సాయంత్రం డైరీ. అలా ఒక వసంతంలో ఏటి వెంట నడుస్తుంటే, మోకాలి లోతు నీళ్ళలో మడత స్టూలు వేసుకుని కూర్చున్న మనిషి కనిపించాడు. చాతీ దాకా రబ్బరు దుస్తులు, మెడలో కెమెరా. ఎదురుగా రాళ్ళ మధ్య, నీళ్ళలో ఇడ్లీ రేకు. జర్మనీలో ఏట్లో ఇడ్లీ రేకు పెట్టుకున్నవాడు ఏ దేశంవాడో అడగక్కర్లేదు. తమిళుడా, కన్నడిగుడా, మనవాడా అన్నదొక్కటే సందేహం. తెలుగులోనే ఒక రాయి విసిరి చూశాను.

"ఏం వండుతున్నరండీ?"

ఆయన తల ఎత్తలేదు. "పిండింకా పులవలేదండి. మీ నీడ కాస్త పక్కకి తీస్తారా?"

గోదావరి యాస. నీడ పక్కకు తీశాను. తరవాత చాలా ఏళ్ళు నా పని అదే అయింది. నీడ పడకుండా నిలబడటం, అడిగినప్పుడు రేకు పట్టుకోవడం.

ఆ రేకు ఆయన కనిపెట్టిన పద్ధతి. గుంటకొక పురుగు. రేకుకున్న బెజ్జాల్లోంచి నీళ్ళు వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి పురుగుకి ఊపిరాడుతుంది. మరీ చిన్నవి బెజ్జాల్లోంచి జారిపోకుండా, ఇడ్లీ వేసేటప్పుడు పరిచినట్టే తడి బట్ట పరిచేవారు. తెల్లటి బట్ట మీద పురుగు కాళ్ళు, మొప్పలు, తోకలు స్పష్టంగా కనపడతాయి. బట్టకు సబ్బు తగలకూడదని ఇంట్లో పెద్ద ఆంక్ష. ఏటికి వచ్చే రోజు ఆయన మొహానికి క్రీము రాసుకునేవారు కాదు, తలకు నూనె పెట్టుకునేవారు కాదు.

ఏదైనా దొరికితే వెంటనే పేరు చెప్పేవారు కాదు. నేను తొందరపడేవాణ్ణి.

"మూడు తోకలున్నయి. ఒక్కరోజు ఈగ పిల్లనే గదా సారూ?"

"ఇంకోసారి చూడండి అన్నగారూ."

"మూడే ఉన్నయండి."

"తోకలు మూడే. మొప్పలెక్కడున్నాయి? పొట్ట పక్కనా, రొమ్ము కిందా? కాలి చివర గోరు ఒకటా, రాతి ఈగకున్నట్టు రెండా? తోక విరిగిపోవచ్చు. గోరు అబద్ధం చెప్పదు."

అన్నీ చూశాకే ఫొటో. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. ఆ తరవాత పురుగుని చిన్న గాజు గిన్నెలోకి మార్చి, గిన్నెను తల కంటే ఎత్తున నన్ను పట్టుకోమని, కింద నుంచి ఒకటి. నా చేతులు లాగేసేవి. "ఇదెందుకండీ ఇంత తిప్పలు?" అంటే, "మనం పై నుంచి చూస్తాం. చేప కింద నుంచి చూస్తుంది. పై ఫొటో మనకి, కింది ఫొటో చేపకి" అనేవారు. పని అయ్యాక ప్రతి పురుగునీ దొరికిన రాతి దగ్గరే వదిలి, రాయిని ఏ ముఖం పైకుందో ఆ ముఖమే పైకి వచ్చేలా పెట్టేవారు. "ఒకళ్ళింటి తలుపు తీసి చూశాం. వేసి వెళ్ళొద్దూ?"

విచిత్రం ఏమిటంటే ఆయన చేప తినరు, పట్టరు. కెమెరా కటకాలు పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఏటి మీద హక్కు ఉన్న చేపల క్లబ్బు వాళ్ళు ట్రౌట్ అనే చేపలు పడతారు. వాళ్ళ గాలానికి ఎర ఉండదు. దారం, ఈకలు చుట్టి చేసిన బొమ్మ ఈగ ఉంటుంది. ఆ వారం నీళ్ళలో ఏ పురుగు ఎదుగుతోందో, దాని రంగేమిటో, పరిమాణమేమిటో తెలియకపోతే బొమ్మ ఈగను ట్రౌట్ మూతి కూడా పెట్టకుండా వదిలేస్తుంది. అది చెప్పేవారు ఈయన. క్లబ్బు గదిలో గోడ నిండా ఈయన ఫొటోలు. వాటిని చూస్తూ వాళ్ళు బొమ్మలు చుట్టుకునేవారు. బదులుగా నీళ్ళలో దిగడానికి ఆయనకొక అనుమతి కార్డు ఇచ్చారు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో ఉంచుకునేవారు. గుండె మందు ఇంట్లో మరిచిపోయిన రోజున్నది గాని, కార్డు మరిచిపోయిన రోజు లేదు.

క్లబ్బు అధ్యక్షుడు ఒకప్పుడు ఇళ్ళ పైకప్పులు వేసిన మేస్త్రీ. పారల్లాంటి చేతులు. ఆ చేతులతోనే గోటి మీద నిలిచేంత చిన్న బొమ్మ ఈగను చుట్టేవాడు. ఏటా క్రిస్మస్‌కి పొగబెట్టిన ట్రౌట్ ఒకటి తెచ్చి మా సారుకిచ్చేవాడు. ఆయన రెండు చేతులా అందుకుని, మలుపు తిరగగానే నా సంచిలో వేసేవారు.

"తింటారుగా. మొహమాటపడకండి."

"ఆయనకు తెలిస్తే బాధపడడా?"

"ఆయన ఇచ్చారు, నేను పుచ్చుకున్నాను. ఇక చేప ప్రయాణం చేప ఇష్టం."

ఇలా నడుస్తుండగా ఏటి ఎగువన పాడుబడ్డ పిండిమిల్లును కొత్తవాళ్ళు కొన్నారు. పాత కాలవలోకి నీళ్ళు మళ్ళించి కరెంటు తీస్తామని దరఖాస్తు పెట్టారు. మళ్ళిస్తే కింద, క్లబ్బు హక్కులో ఉన్న మంచి పాయలో నీళ్ళు బాగా తగ్గిపోతాయి. ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. క్లబ్బు అభ్యంతరం రాసింది. ఆ అభ్యంతరానికి వెన్నెముక ఆయన తీసిన ఒక్క ఫొటో.

ఆ ఫొటోలో ఉన్నది పెద్ద రాతి ఈగ పిల్ల. చిటికెన వేలి గోరు కంటే పొడుగు. వీపు మీద ముగ్గు వేసినట్టు పసుపూ నలుపూ. రెక్కలు రాకముందు రెండు మూడేళ్ళు నీళ్ళలోనే పెరుగుతుంది. నీళ్ళు చల్లగా, మురికి లేకుండా, ఎప్పుడూ పారుతూ ఉంటేనే బతుకుతుంది. ఒక ఏడాది నీళ్ళు తగ్గినా పోతుంది. అది ఆ పాయలో ఉందంటే అధికారులు ఆలోచిస్తారు. ఆయన అది తీసిన రోజు నేనూ ఉన్నాను. "వచ్చేశావా తల్లీ!" అంటూ ఆయన రేకు మీదికి వంగారు. క్లబ్బు వాళ్ళు దాన్ని తలుపంత పెద్దది చేసి గోడకు పెట్టారు.

ఊరి పాలక భవనం రాట్‌హౌస్‌లో విచారణకు ఇచ్చిన టెర్మిన్, అదే వాయిదా, గురువారం. అంతకు ముందు శనివారం ఆయన ఫోను చేశారు.

"అన్నగారూ, ఒకసారి రాగలరా?"

ఎప్పుడూ పురుగుతో మొదలుపెట్టే మనిషి. ఆ రోజు పురుగు ఊసు లేదు. భయమేసింది. వెళ్ళాను.

వంటింటి బల్ల మీద ఇడ్లీ బట్ట పరిచి ఉంది. దాని కుట్టు అంచు మడత విప్పి, లోపల ఉన్నదాన్ని భూతద్దం కింద పెట్టారు. ఎండి, గోధుమ పొట్టులా ఉంది. వీపు మీద అదే ముగ్గు.

ఆయన భార్య స్టవ్ దగ్గర నిలబడి ఉంది. "నిన్న బట్టలు సర్దుతుంటే చేతికి గుచ్చుకుందండి. సబ్బు పెట్టి ఉతికిస్తానంటే ఏనాడైనా విన్నారా? ఉతికుంటే అప్పుడే కాలవలో పోయేది."

"నువ్వుండవే."

"ఉంటాను. నాదీ తప్పుందిగా. ఆ ఫొటో తీసిన రోజు కొత్త బట్ట చుట్టాలొచ్చారని నేనే ఇడ్లీకి తీసేశాను."

అప్పుడు నాకు అర్థమైంది. ఒక ఏటి నుంచి ఇంకో ఏటికి వెళితే ఆయన బట్ట మార్చేవారు. అది నియమం. ఆ రోజు మేం పొద్దున అవతలి లోయలోని ఏటికి వెళ్ళాం. అక్కడ రాతి ఈగలు బాగా ఉన్నాయి. మధ్యాహ్నం మన పాయకి వచ్చాం. మార్చడానికి రెండో బట్ట లేక, ఉన్నదాన్నే ఏట్లో జాడించి పరిచారు. మన పాయలో ఆ రోజు కనిపించింది ఒక్కటే. మరి ఈ అంచులో చచ్చింది పొద్దుటి ఏటిదే కావాలి. ఒకటి బట్టలో దాక్కుని రాగలిగితే రెండోది రాలేదా?

"మీరొక్క మాట చెప్పండి" అన్నారాయన. "ఫొటోలోది నేను రాయి తిప్పినప్పుడు రాతి మీద చూశారా? రేకులో చూశారా?"

కళ్ళు మూసుకుని ఆ మధ్యాహ్నాన్ని మొదటి నుంచి గుర్తు చేసుకున్నాను. ఆయన కోరుకున్న జవాబు ఏదో నాకు తెలుసు. ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

"రేకులనే చూసిన సారూ. అంతకుముందు చూడలె."

"నేనూ అంతే" అన్నారు.

ఇక ఒక్కటే దారి. గురువారంలోగా ఆ పాయలో ఇంకోదాన్ని పట్టుకోవాలి. ఆదివారం వెతికాం. సోమవారం కొండల మీద మంచు కరిగి, పైన వాన పడి, ఏరు ఎర్రగా పొంగింది. మంగళవారం నేను వద్దన్నా వినకుండా ఆయన దిగారు. అధ్యక్షుడు కూడా వచ్చాడు. ఇంకో మంచి ఫొటో కోసం కాబోలనుకున్నాడు.

రాళ్ళు నీటి అడుగున దొర్లుతున్న చప్పుడు ఒడ్డు దాకా వినిపిస్తోంది. ఆయన ఒక్కో రాయీ తడిమి పైకెత్తి, బొద్దుగా మెరిసే పురుగులన్నిటినీ వదిలేసి, మళ్ళీ యథాస్థానంలో పెడుతున్నారు. ఆ వరదలో కూడా ముఖం మార్చకుండా పెడుతున్నారు. గూటి పురుగులున్నాయి, రాతికి అతుక్కునే చదును పురుగులున్నాయి. కావలసింది లేదు.

"ఇక చాలు, రాండ్రి సారూ! అవుతల లోతుంటది!"

"ఆ నల్లరాయి ఒక్కటి!"

ఒక్క అడుగు వేశారు. తల మాయమైంది.

నేను అరవను కూడా అరవలేదు. అధ్యక్షుడు ఆ వయసులో ఎలా దూకాడో తెలియదు. నీళ్ళలోంచి మా సారు రబ్బరు దుస్తుల పట్టీ అందుకుని, పెంకుల బస్తా ఈడ్చినట్టు ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు. ఇద్దరూ గడ్డి మీద కూలబడ్డారు. మా సారు పళ్ళు కటకటమంటున్నాయి. పెదాలు నీలం. నేను నా కోటు కప్పాను.

"ఒక ఫొటో కోసం చస్తారా?" అని కేకలేశాడు అధ్యక్షుడు. "మనకు ఒకటుంది కదా!"

"అది ఈ ఏటిదో కాదో నాకు తెలియదు" అన్నారాయన. వణుకుతూనే బట్ట సంగతంతా చెప్పారు.

అప్పటిదాకా ఆ పెద్ద చేయి ఆయన భుజం మీదే ఉంది. మెల్లగా దిగిపోయింది.

"ఇంకెవరికి తెలుసు?"

"మా ఆవిడకి. ఈయనకి."

"మిల్లు వాళ్ళ లాయరుకి ఆ పురుగుకి తల ఎటో తోక ఎటో తెలియదు. నేను మిమ్మల్ని అబద్ధమాడమనడం లేదు. ఊరుకోమంటున్నాను. అంతే. అది ఇక్కడ ఉందనే మీ నమ్మకం కదా?"

"ఉండే ఉంటుంది."

"మరి?"

"ఉండే ఉంటుందన్నది ఫొటో కాదండీ."

అధ్యక్షుడు లేచి, తడిసిన బూట్లతో చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాడు. నేను ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళాను. తలుపు తీసిన ఆవిడ ఆయన వాలకం చూసి బిత్తరపోయి, వేడినీళ్ళ గది వైపు తోసి, నాతో అంది: "చెప్పేస్తారు లెండి. చెప్పకుండా ఉంటే ఈయనా నిద్రపోరు, నన్నూ పోనివ్వరు."

గురువారం రాట్‌హౌస్ హాలు నిండింది. ఆయన పక్కన నేను, ఆయనకు అటువైపు అధ్యక్షుడు. అధ్యక్షుడు ఎదురుగా గోడనే చూస్తున్నాడు. మా సారు ఒళ్ళో సంచి, సంచిలో ఏదో బరువు. జిల్లా ఆఫీసు అధికారిణి అభ్యంతరాలు ఒక్కొక్కటే చదువుతోంది. శబ్దం గురించి ఒకటి, చెట్ల గురించి ఒకటి. ఆయన మోకాలు ఆడుతుంటే నా కుర్చీ ఆడుతోంది. చివరికి ఆ ఫొటో తెర మీద పడింది. హాల్లో సగం మంది మెచ్చుకోలుగా గుసగుసలాడారు.

"ఫొటో తీసినవారు ఉన్నారా?"

ఆయన లేచారు. అధ్యక్షుడు ఆయన కోటు అంచు పట్టుకోవడం నేను చూశాను. పట్టుకుని, ఒక్క క్షణం ఉంచి, వదిలేశాడు.

"ఇందులో ఉన్నది రాతి ఈగ. అందులో సందేహం లేదు" అన్నారాయన, పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో జర్మన్ మాటా పేర్చుకుంటూ. "ఇది ఈ ఏటిదని మాత్రం నేను చెప్పలేను."

ఎందుకని ఆమె అడిగింది. ఇడ్లీ రేకుకి జర్మన్‌లో మాట లేదు. సంచిలోంచి రేకు తీసి బల్ల మీద పెట్టారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వు ఆగేదాకా ఆగి, బట్ట పరిచి, అంచు మడత విప్పి చూపించి, జరిగింది చెప్పారు. అధికారిణి రేకు దగ్గరకు తీసుకుని ఒక గుంటలో వేలు పెట్టి, బెజ్జాలు తడిమి చూసింది.

మిల్లు వాళ్ళ లాయరు లేచాడు. "అయితే ఆ పాయలో ఈ పురుగు లేదని ఒప్పుకుంటున్నారన్నమాట."

"లేదు. అది కూడా నేను చెప్పలేను."

ఫొటోను ఫైలు నుంచి తీసేశారు. తమ ఆఫీసు సొంత మనుషులతో వేసవి మొదట్లో వెతికిస్తామని ఆమె ప్రకటించింది. బయట వరండాలో క్లబ్బు సభ్యులు మా పక్క నుంచి, మేం స్తంభాలమైనట్టు వెళ్ళిపోయారు. అధ్యక్షుడు ఒక్కడే ఆగాడు. అరచేయి చాపాడు.

మా సారు జేబులోంచి కార్డు తీసి, కవరు దులిపి, రెండు చేతులా ఇచ్చారు.

నాకు ఒళ్ళు మండింది. "ఏం మనుషులండీ వీళ్ళు! మీరు నిజం చెప్పినందుకా ఇది?"

"ఊరుకోండి అన్నగారూ. కార్డు వాళ్ళది. మొన్న ఈ ప్రాణం పైకి లాగిందీ ఆయనే" అన్నారు. మెట్లు దిగుతుంటే ఆయన చేయి రెండుసార్లు ఖాళీ జేబు దగ్గరకు వెళ్ళింది.

వేసవిలో అధికారుల మనుషులు వచ్చి వెతికారు. వాళ్ళకు దొరకలేదు. పాయలో కొంత నీరు ఎప్పుడూ వదలాలన్న షరతుతో మిల్లుకు అనుమతి వచ్చింది. షరతు ప్రకారమే వదులుతున్నారు. అయినా ఆ నల్లరాయి ఇప్పుడు సగం బయటే ఉంటుంది. దాన్ని మొదటిసారి అలా చూసిన రోజు ఆయన ఏటి వంతెన మీద నిలబడి, "నేను పోగొట్టింది ఇంత" అన్నారు. నేను కాదనబోయాను. "ఓదార్చకండి. చూస్తున్నాను" అన్నారు.

ఆ తరవాత ఆయన చోటు ఆ వంతెనే. అది ఊరి దారి, ఎవరైనా నిలబడవచ్చు. నీళ్ళలో దిగే హక్కు పోయింది గాని, నీళ్ళలోంచి రెక్కలొచ్చి పైకెగిరేవాటి మీద ఎవరికీ హక్కు లేదు కదా. వంతెన చేపట్టు కమ్మీ మీద వాలినవాటిని చేయి తగలకుండా ఫొటో తీసేవారు. కింద గాలాలు వేసే సభ్యులు తల పైకెత్తేవారు కాదు. ఈయన మాత్రం ప్రతివాడికీ "మోర్గెన్" అని పొద్దుటి పలకరింపు చెప్పేవారు. జవాబు రాకపోతే ఇంకోసారి అనేవారు కాదు.

రెండో వసంతంలో ఒక రోజు. మేం అప్పుడే వచ్చాం, ఆయన ఇంకా కెమెరా సంచి విప్పలేదు. కింద నుంచి బూట్ల చప్పుడు వినబడింది. అధ్యక్షుడు. చేతిలో కర్ర, గాలం. నా వైపు చూడలేదు. చేపట్టుకు అవతలి పక్క నిలబడ్డాడు.

"చేపలు పైకి లేస్తున్నాయి" అన్నాడు నీళ్ళతో మాట్లాడినట్టు. "నేను వేసింది ఒక్కటీ ముట్టడం లేదు. ఈ రోజు ఏది తింటున్నాయి?"

మా సారు టోపీ సర్దుకున్నారు. "ఇప్పుడే వచ్చానండి. ఇంకా చూడలేదు."

"ఊరికే ఒక అంచనా చెప్పండి."

"చూడకుండానా?"

అధ్యక్షుడి దవడ బిగిసింది. ఇప్పుడు తిరిగి వెళ్ళిపోతాడనుకున్నాను. బహుశా తనూ అలాగే అనుకున్నాడు, ఒక అడుగు వేశాడు కూడా. అంతలో కర్రను చేపట్టుకు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మా సారు ఏమీ తొందరపడలేదు. చేపట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా వంగి, జానెడు జానెడుగా చూసుకుంటూ వెళ్ళారు. ఒక చోట చాలాసేపు ఆగారు. మళ్ళీ నడిచారు. తిరిగి వచ్చి, చూపుడు వేలి మీద గోటితో ఒక కొలత చూపించారు.

"ఇంతది. గోధుమరంగు. రెక్కల్లో బూడిద ఛాయ. రెండే కనపడ్డాయి, అందుకని గట్టిగా చెప్పలేను."

అధ్యక్షుడు జేబులోంచి బొమ్మ ఈగల డబ్బా తీసి, తెరిచి, లావుపాటి వేళ్ళతో వెతికి, ఒక చిన్న గోధుమరంగు ఈగను తీసి ఆయన ముందు పట్టాడు. ఆయన కళ్ళద్దాలు పైకెత్తి చూసి, తల అడ్డంగా ఊపారు. ఇంకోటి తీశాడు. ఆయన ఈసారి తల నిలువుగా ఊపారు.

అధ్యక్షుడు దాన్ని దారానికి ముడివేసుకుని, తగ్గిపోయిన నీళ్ళలోకి దిగాడు.